‘టెన్షన్’ అనే ఒక్క మాట వెనక: ఒత్తిడి వేరు, ఆందోళన వేరు

అనంతపురంలో ఈ రోజు ఎవరిని కదిలించినా వినిపించే మాట ‘టెన్షన్’. బోరు వేయించబోతున్న రైతుకూ టెన్షనే, ఫలితాల కోసం చూస్తున్న ఇంటర్ పిల్లకూ టెన్షనే, బెంగళూరులో ఉన్న కొడుకు రెండు రోజులుగా ఫోన్ చేయలేదని కూర్చున్న తల్లికీ టెన్షనే. మా అవ్వ తరానికి ఈ మాట తెలియదు. వాళ్లు దిగులు అనేవాళ్లు, గుబులు అనేవాళ్లు, గాభరా, కంగారు, బెంగ, మనేద, యాష్ట అనేవాళ్లు. పనిభారంతో విసిగిపోతే యాష్ట. ఏదో జరగబోతోందని గుండెలో మెదిలేది గుబులు. పోయినదాన్ని తలచుకుని లోలోపల కుమిలితే మనేద. ఒక్కో మాటకు ఒక్కో చోటు ఉండేది, వినేవాళ్లకు ఎదుటి మనిషికి ఏం కావాలో సగం అప్పుడే అర్థమయ్యేది. ఇప్పుడు అన్నింటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టేశాము. మాటలు కలిసిపోయినట్టే మందులూ కలిసిపోయాయి. అప్పు తీర్చలేని మనిషికీ, అకారణంగా గుండె దడ వచ్చే మనిషికీ మనం ఇచ్చే సలహా ఒకటే: ‘టెన్షన్ పడొద్దు, అంతా మంచే జరుగుతుంది’. ఆ సలహా ఇద్దరికీ ఎందుకు పనికిరాదో చెప్పాలంటే ముందు ఆ సంచి మూతి విప్పాలి.

వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇందులో ప్రధానంగా రెండింటిని విడదీస్తారు. మన శక్తికి మించిన బరువు ఇప్పుడు, ఈ క్షణాన మీద పడి ఉంటే అది ఒత్తిడి. బరువు తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. రాబోయే కీడును ఊహించుకుని, అది వచ్చేసినట్టే మనసూ శరీరమూ సిద్ధమైపోతే అది ఆందోళన. దానికి బరువుతో పని లేదు, బరువు దిగిపోయాక కూడా అది మిగలగలదు. పదో తేదీన కట్టాల్సిన కంతు డబ్బు తొమ్మిదో తేదీ రాత్రికి కూడా చేతికి అందకపోవడం ఒత్తిడి. కంతు కట్టేసిన తర్వాత కూడా, వచ్చే ఏడాది ఉద్యోగం పోతే ఎలా అని తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చోవడం ఆందోళన. రెండింటిలోనూ గుండె ఒకే తీరున కొట్టుకుంటుంది, చేతులు ఒకే తీరున చల్లబడతాయి. అందుకే బయటి నుంచి చూసేవాళ్లకే కాదు, అనుభవించే మనిషికి కూడా తేడా తెలియదు.

ఈ తేడా నాకు పుస్తకంలో కంటే ముందు మా పెదనాయన చేనులో కనిపించింది. బోరు వేసే లారీ సాయంత్రం వచ్చింది. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. ఒక్కో రాడ్డు దిగుతుంటే పెదనాయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, గొట్టం పక్కన గొంతుకూర్చుని, పైకి చిమ్ముతున్న పొడిని అరచేతిలోకి పట్టి వేళ్లతో నలిపి చూసేవాడు. మూడు వందల అడుగులకు తెల్లటి పొడి. నాలుగు వందలకూ అదే. ప్రతి అడుగుకూ డబ్బు పోతోంది, ఆ డబ్బు వడ్డీకి తెచ్చినది. అన్నం తినమంటే గొంతు దిగడం లేదన్నాడు. నోరు ఎండిపోయి మాటిమాటికీ చెంబుతో నీళ్లు తాగాడు. అర్ధరాత్రి దాటాక ఆయన అరచేతిలో పొడి ముద్దయింది. మరో రెండు రాడ్లకు ఒకటిన్నర ఇంచు నీళ్లు పడ్డాయి. అందరం ఇక ఆయన నిశ్చింతగా నిద్రపోతాడనుకున్నాము. పది రోజుల తర్వాత వెళ్లి పలకరిస్తే ఆయన అన్న మాట ఇది: ‘నీళ్లు పడినా నిద్ర పట్టల్యా పాపా. ఎండాకాలానికి ఎండిపోతే ఏం గతి?’ నీళ్లు పడేదాకా ఆయన్ను పట్టింది ఒత్తిడి. నీళ్లు పడ్డాక పట్టుకున్నది ఆందోళన. అదే మనిషి, అదే బోరు, అదే గుండె దడ.

ఆ రాత్రి ఆయన శరీరంలో జరిగిన దానికి శాస్త్రంలో వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. హార్వర్డ్‌లో పనిచేసిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1910ల్లో, భయపడిన జంతువు శరీరం పోరాడడానికో పారిపోవడానికో ఎలా సన్నద్ధమవుతుందో వివరించారు. ఒత్తిడి అనే భావనను వైద్యంలోకి తెచ్చినది వియన్నాలో పుట్టి కెనడాలో స్థిరపడిన హాన్స్ సెల్యే. ఎలుకలకు చలి, గాయం, విషపదార్థం వంటి వేర్వేరు బాధలు కలిగించినా వాటి శరీరాలు చాలావరకు ఒకే తీరున స్పందిస్తున్నాయని ఆయన 1936లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మొదట శరీరం ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుని నిలబడుతుంది, బాధ ఎంతకూ పోకపోతే చివరికి అలసి కూలబడుతుంది. మూడో దశ మాటను మనం సాధారణంగా మరచిపోతాము, కానీ రోజువారీ జీవితంలో మనుషులను దెబ్బతీసేది అదే.

మెదడు లోపల బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ప్రమాదాన్ని పసిగట్టగానే, మెదడులోనే ఉన్న హైపోథలమస్ అనే భాగానికి కబురు వెళ్తుంది. నరాల ద్వారా మూత్రపిండాల పైన టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు ఆదేశం అంది, క్షణాల్లో అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన ఆడుతుంది, కాలేయం చక్కెరను విడుదల చేస్తుంది, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. పెదనాయనకు అన్నం గొంతు దిగకపోవడం, నోరు ఎండిపోవడం ఇందుకే. కొంచెం నెమ్మదిగా, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి మీదుగా రెండో కబురు వెళ్లి కార్టిసోల్ అనే హార్మోను విడుదలవుతుంది. అది తారస్థాయికి చేరడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, తగ్గడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఈ వ్యవస్థ పాము ఎదురైనప్పుడు ప్రాణం కాపాడడానికి ఏర్పడినది. పాము పది నిమిషాల్లో పొదలోకి పోతుంది. అప్పు అలా పోదు, నెలల తరబడి గుమ్మంలోనే కూర్చుంటుంది, శరీరం మాత్రం పామును చూసినట్టే ప్రతిరోజూ స్పందిస్తుంది. ఇలా రోజూ స్పందించినందుకు శరీరం చెల్లించే మూల్యాన్ని శాస్త్రజ్ఞుడు బ్రూస్ మెక్‌ఎవెన్ 1993లో ‘అలోస్టాటిక్ లోడ్’ అన్నారు. రక్తపోటు ఎక్కువగానే నిలిచిపోవడం, షుగరు జబ్బు ఉన్నవాళ్లకు మందులు వేసుకుంటున్నా షుగరు అదుపు తప్పడం, మెడ, భుజాలు పట్టేయడం, నిద్ర చెడడం ఆ మూల్యంలో భాగాలే.

ఒత్తిడి మొత్తంగా శత్రువేమీ కాదు. రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, కొంతమేరకు ఉద్రేకం పెరిగితే పని మెరుగుపడుతుంది, ఆ హద్దు దాటితే చెడుతుంది, పని కష్టమైనదయ్యే కొద్దీ ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది. నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్లలకు ఇది చెప్పకుండానే తెలుసు. పరీక్ష దగ్గరపడ్డ నెలలో చదువు బాగా సాగుతుంది, పరీక్ష హాల్లో మాత్రం ఇంట్లో చకచకా చేసిన లెక్క ముందుకు కదలదు.

ఒత్తిడిని రెట్టింపు చేసేది అనిశ్చితి. ఈ సంగతి మన నేలకు బాగా తెలుసు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 45 మంది వాలంటీర్లు కంప్యూటర్ తెర మీద రాళ్లను తిప్పి చూస్తూ, ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలవచ్చు తగలకపోవచ్చు అన్నట్టు అవకాశం సరిగ్గా సగంసగంగా ఉన్నప్పుడే వాళ్ల శరీరాల్లో ఒత్తిడి అత్యధికంగా కనిపించింది. కీడు తథ్యమని తెలిస్తే శరీరం దానికి తలవంచుతుంది. ఏమవుతుందో తెలియనప్పుడు మాత్రం క్షణం విశ్రాంతి లేకుండా కాపలా కాస్తుంది. కొండలు వాన మబ్బులను అడ్డుకునే వర్షచ్ఛాయలో పడిన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ కురిసే మొత్తం కంటే కురిసే వేళే ముఖ్యం. ముంగారులో, అంటే తొలకరి వానల కాలంలో, పదును చూసి శనగకాయ (వేరుశనగ) విత్తిన రైతుకు అసలు పరీక్ష కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే దశలో వస్తుంది. అప్పుడు మూడు వారాలు వాన మొహం చాటేస్తే పైన చెట్టు పచ్చగా ఉన్నా కింద కాయ ఉండదు. ఆ మూడు వారాలు రైతు చేతిలో చేయగలిగిన పని ఏదీ లేదు, ఆకాశం చూడడం తప్ప. సగంసగం అవకాశంతో మూడు వారాలు రాళ్లు తిప్పుతూ కూర్చోవడమంటే అదే.

దీనికి కొనసాగింపుగా చెప్పాల్సిన మరో అధ్యయనం మన పక్క రాష్ట్రంలో జరిగింది. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత అయి డబ్బు చేతికి వచ్చాక మరోసారి పరీక్షించి, ఫలితాలను 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. అదే రైతు, డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తర్కానికీ, ఏకాగ్రతకూ సంబంధించిన పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశాడు. లెక్కలు కట్టిన పద్ధతిపై తర్వాత విమర్శలు రాకపోలేదు, కానీ దీని వెనక ఉన్న విషయం మన ఇళ్లలో రోజూ కనబడుతూనే ఉంటుంది. బాకీల ఆలోచన మనసులో ఎంత చోటు ఆక్రమిస్తే మిగతా ఆలోచనలకు అంత చోటు తగ్గుతుంది. అప్పుల్లో ఉన్న మనిషి తప్పుడు నిర్ణయం తీసుకున్నాడని, మళ్లీ ఎక్కువ వడ్డీకి తెచ్చాడని, పిల్లల మీద అనవసరంగా అరిచాడని నిందించే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. అతని తెలివి ఎక్కడికీ పోలేదు, దాన్ని అప్పు తాకట్టు పెట్టుకుంది.

అందుకే, బరువు నిజంగా మీద ఉన్న మనిషికి ముందు శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో చెప్పిన విభజన ఇక్కడ పనికొస్తుంది. సమస్యను మార్చే ప్రయత్నాలు కొన్ని, సమస్య వల్ల కలిగే బాధను తగ్గించుకునే ప్రయత్నాలు కొన్ని. మార్చగలిగిన చోట మొదటివి, మార్చలేని చోట రెండోవి. తారుమారు చేస్తే రెండూ చెడతాయి. మా పెదనాయన విషయంలో మొదట పనికొచ్చినది ఒక ఎక్సర్‌సైజు పుస్తకం. బ్యాంకు బాకీ ఎంత, సొసైటీది ఎంత, చేబదులు ఎంత, ప్రైవేటు ఫైనాన్సుది ఎంత, దేనికి ఎంత వడ్డీ అని ఆయన కూతురు ఒక రాత్రి కూర్చుని వరసగా రాసింది. మొత్తం ఆయన అనుకున్నదాని కంటే ఎక్కువే తేలింది. అయినా ఆ రాత్రి ఆయన కాస్త నిద్రపోయాడు. కారణం పైన చెప్పిన రాళ్లు, పాముల ప్రయోగంలోనే ఉంది. అంతు తెలియని అప్పు అంకెగా మారింది, దేన్ని ముందు తీర్చాలో, ఎవరిని గడువు అడగాలో కనబడింది. మన పెద్దలు శనగకాయ చేలో సాళ్ల మధ్య కంది వేస్తూ వచ్చినదీ ఇందుకే. ఒకటి పోయినా ఒకటి చేతికి వస్తుందనే ధైర్యం ఆ సాళ్లలో ఉంది. అది వ్యవసాయ పద్ధతే కాదు, అనిశ్చితిని తగ్గించుకునే పద్ధతి కూడా.

ఆందోళన దారి వేరు. మా పక్కింటి ఆమె మూడేళ్ల కిందట గుత్తిలో ఉన్న చెల్లెలింటికి బస్సులో బయలుదేరింది. ఎండ, కిక్కిరిసిన జనం. పామిడి దగ్గర పెన్న వంతెన రాకముందే ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, ఊపిరి అందలేదు. ‘ఇంగ నా పని అయిపోయిందనుకుంటి అక్కా. గుండె నోట్లేకొచ్చినట్టయె. బస్సు నిలపమని దిగేస్తి’ అని తర్వాత చెప్పింది. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, అన్నీ బాగున్నాయన్నారు. గ్యాస్ అని ఒక మాత్ర, నీరసమని ఒక సెలైన్ సీసా ఇచ్చి పంపారు. ‘ఏమీ లేదు’ అన్న మాట ఆమెకు ధైర్యం ఇవ్వకపోగా, తన జబ్బేదో ఎవరికీ దొరకడం లేదన్న భయాన్ని పెంచింది.

ఆమెకు వచ్చినది పానిక్ అటాక్. శరీరంలోని ప్రమాద హెచ్చరిక గంట, ప్రమాదం లేకుండానే మోగడం. వేగంగా ఊపిరి తీసుకోవడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గిపోయి వేళ్లకూ పెదవులకూ తిమ్మిరి, తల తిరుగుడు వస్తాయి. ఆ తిమ్మిరిని చూసి మనిషి మరింత భయపడతాడు, భయపడి మరింత వేగంగా ఊపిరి తీస్తాడు. సాధారణంగా ఇది పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి తర్వాత దానంతటదే దిగుతుంది. అయితే మొదటిసారి ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం వచ్చినప్పుడు ఇది పానిక్ అని ఇంట్లో కూర్చుని ఎవరూ తీర్పు చెప్పకూడదు. గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి, కాబట్టి ముందు వైద్యుడు చూడాలి. అవన్నీ లేవని తేలిన తర్వాత అడగాల్సిన ప్రశ్నను మాత్రం మనవాళ్లు చాలామంది అడగరు: మరి ఇది ఏమిటి?

అసలు నష్టం ఆ రోజు బస్సులో జరగలేదు, దిగిన తర్వాత జరిగింది. దిగగానే ఆమెకు ఎంతో హాయి అనిపించింది. ఆ హాయి మెదడుకు ఒక పాఠం నేర్పింది: బస్సు ప్రమాదం, దిగినందువల్లే బతికావు. మరుసటి నెల చెల్లెలింటికి ఆటో మాట్లాడుకుని వెళ్లింది. ఆ తర్వాత వెళ్లడమే మానేసింది. ఏడాది తిరిగేసరికి సంతకు, పెళ్లికి, గుడికి కూడా ఎవరైనా తోడుంటే తప్ప కదలలేని స్థితి వచ్చింది. తప్పించుకున్న ప్రతిసారీ భయానికి ఎరువు వేసినట్టే. ఆందోళన గురించి ఒక్క సంగతే గుర్తు పెట్టుకోగలిగితే, ఇదే గుర్తు పెట్టుకోవాలని నా కోరిక. ఒత్తిడిలో బరువు నుంచి పక్కకు జరగడం మందు, ఆందోళనలో పక్కకు జరగడమే రోగం.

అలాగే ‘దాని గురించి ఆలోచించొద్దు’ అన్న సలహా. మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దని వైద్యుడు చెబితే, మందు గిన్నె పట్టుకున్న ప్రతిసారీ కోతే గుర్తొచ్చిందన్న కథ మనకు తెలుసు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేనియల్ వెగ్నర్ 1987లో ఈ సంగతినే తెల్ల ఎలుగుబంటితో పరీక్షించి చూశారు. దాని గురించి ఆలోచించవద్దని చెప్పినవాళ్లకు, తర్వాత ఆ ఆలోచన మరింత ఎక్కువగా వచ్చింది. ఆలోచనను తరమడం కంటే దానికి ఒక వేళ కేటాయించడం మేలని థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ప్రతిపాదించింది. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో, అరగంట పాటు దిగుళ్లన్నీ కాగితం మీద పెట్టడం, మిగతా వేళ దిగులు వస్తే ‘సాయంత్రం ఆరింటికి చూద్దాం’ అని వాయిదా వేయడం ఆ పద్ధతి. పడుకునే మంచం మాత్రం ఆ చోటు కాకూడదు. ఆరింటికి కూర్చునేసరికి సగం దిగుళ్లకు రాయడానికి ఏమీ మిగలదు, మిగిలిన వాటిలో కొన్నింటికి చేయాల్సిన పని కనబడుతుంది.

ఇప్పుడు శ్వాస సంగతి. దీన్ని మంత్రంలా చెప్పేవాళ్లూ ఉన్నారు, కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, ఎందుకు పనిచేస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. గుండెను మనం ఆదేశించలేము, ఊపిరిని ఆదేశించగలము. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో నెమ్మదిస్తుంది. కాబట్టి వదిలే సమయం పొడవైతే గుండె నెమ్మదించే సమయమూ పొడవవుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఛాతీ ఎగరకుండా పొట్ట కదలాలి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే తెలుస్తుంది. ఐదు నిమిషాలు చాలు. కానీ దీన్ని భయం వచ్చాక తొలిసారి మొదలుపెడితే పనిచేయదు. ఈత నేర్చుకోవాల్సినది బావిలో పడ్డాక కాదు కదా, అలాగే మామూలు రోజుల్లో పొద్దునా సాయంత్రమూ అలవాటు చేసుకుంటేనే అవసరానికి అందుతుంది. ఎడ్మండ్ జాకబ్‌సన్ గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో రూపొందించిన పద్ధతి కూడా ఇలాంటిదే. పిడికిలి, భుజాలు, దవడ, పిక్కలు ఒక్కొక్కటిగా గట్టిగా బిగించి వదిలేస్తూ, బిగువుకూ సడలింపుకూ తేడాను కండరానికి తెలియజెప్పడం.

మిగతావి అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రోజూ అరగంట చురుకైన నడక ఆందోళనను తగ్గిస్తుంది. కాఫీ, టీలలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి నిద్ర పట్టనివాళ్లు మధ్యాహ్నం తర్వాత మానేయాలి. మద్యం ఆ రాత్రికి మత్తు ఇస్తుంది, తెల్లవారేసరికి ఆందోళనను వడ్డీతో తిరిగిస్తుంది. నిద్రమాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఆల్ప్రాజోలం వంటి మాత్రలు మందుల నిబంధనల్లో షెడ్యూల్ హెచ్1 అనే జాబితా కిందివి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. పక్కింటివాళ్లకు పనిచేసిందని తెచ్చుకుని వారాల తరబడి మింగితే అలవాటుగా మారతాయి, ఒక్కసారిగా ఆపితే ఆందోళన మునుపటి కంటే ఎక్కువై తిరిగొస్తుంది.

ఏ దశలో వైద్యుడి దగ్గరకు వెళ్లాలి? అదుపు చేయలేని ఆందోళన దాదాపు రోజూ ఆరు నెలలుగా ఉండి, నిద్ర, ఏకాగ్రత, పని చెడుతుంటే దాన్ని ఒక రుగ్మతగా గుర్తిస్తారు. అంటే ఆరు నెలలు ఓపిక పట్టాలని అర్థం కాదు. చేయాల్సిన పని చేయలేకపోతున్నా, వెళ్లాల్సిన చోటికి వెళ్లలేకపోతున్నా, తాగుడు పెరుగుతున్నా ఆలస్యం చేయకూడదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. చికిత్స అంటే మాత్రలే కాదు. ఆలోచనల తీరునూ, తప్పించుకునే అలవాటునూ మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి ఆందోళన విషయంలో బలమైన ఆధారాలున్నాయి. మందులు రాస్తే, సాధారణంగా మొదట రాసే, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో తేడా లేదని మానేసేవాళ్లే ఎక్కువ, అక్కడే చికిత్స చెడుతుంది.

మానసిక వైద్యం దూరాన ఎక్కడో ఉందనుకునే మనకు ఒక సంగతి తెలిసి ఉండాలి. దేశమంతటా నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మన పక్కనున్న బళ్లారి. పెద్దాసుపత్రికి రోగులు రావడం కాకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి ఊరి దగ్గరే చికిత్స అందించవచ్చని నిమ్హాన్స్ 1980ల్లో ఆ జిల్లాలో చేసి చూపించింది. దాని ఆధారంగానే 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు ఫోన్ ద్వారా సాయం కూడా ఉంది. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్లు చేయగలిగినది తక్కువేమీ కాదు. ‘ఏం కాదులే’ అన్న మాట ప్రేమతోనే వస్తుంది, కానీ వినేవాళ్లకు అది తలుపు మూసిన చప్పుడులా వినిపిస్తుంది. ‘ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? ఎప్పుడు ఎక్కువైతాది?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగితే అదే సగం సాయం. మనిషి మరీ ముడుచుకుపోయి, బతికి ఏం లాభమన్న మాటలు వస్తుంటే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అలాంటి ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంచకూడదు, ఆ రోజే బయటికి పంపి తాళం పడే చోట పెట్టించాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చట్టం చూపిన ఆ పాటి దయ బంధువుల మాటల్లో కూడా ఉండాలి.

పక్కింటి ఆమెను చివరికి ఒక మానసిక వైద్యుడు చూశారు. మందుతో పాటు ఒక వరస రాసిచ్చారు. మొదటి వారం బస్టాండుకు వెళ్లి బెంచీ మీద అరగంట కూర్చుని రావడం. గుండె దడ వచ్చినా, తగ్గేదాకా లేవకూడదు. రెండో వారం, ఆగి ఉన్న బస్సు ఎక్కి కూర్చుని దిగడం. తర్వాత భర్తతో గార్లదిన్నె దాకా, ఆ తర్వాత అతను వెనక సీట్లో, ఆమె ముందు సీట్లో. ప్రతిసారీ భయం సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో చీటీ మీద రాయాలి. ఆ చీటీలు నాకు చూపించింది. మొదటి రోజు తొమ్మిది, అరగంట తర్వాత ఆరు. నాలుగో వారానికి ఏడు, నాలుగు. పామిడి దాకా వెళ్లిన రోజు మళ్లీ తొమ్మిది, దాని పక్కన చిన్న అక్షరాలతో ‘దిగలేదు’ అని ఉంది. ఐదు నెలలకు ఒంటరిగా గుత్తికి వెళ్లింది. పెన్న వంతెన మీద దడ వచ్చిందట. ‘వస్తే రానీలే అనుకుంటి అక్కా, కిటికీలో నుంచి ఏట్లో ఇసుక చూస్తా కూసుంటి. గుత్తి కోట కనపడేలోపల పోయింది.’ ఆ రోజు చీటీ రాయడం మరచిపోయింది.